ఆస్పత్రి కాగితంలో తల్లి

మార్చి 2, ఆదివారం

ఈ రోజు సంఘం మీటింగులో అందరూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు. ఇంతమంది ఒకేసారి నా మొహం చూడటం నా మొగుడు పోయిన రోజు తర్వాత ఇదే.

విషయం ఎసిది. మా ఊరి మనిషే, ఈ కొరియాలో వీసా లేకుండా ఉంటోంది. ఫిబ్రవరి ఇరవయ్యో తారీఖున ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీ మీద దాడి చేసినప్పుడు దొరికిపోయింది. పదకొండేళ్ళ కూతురుందని కాళ్ళావేళ్ళా పడితే పిల్ల మొహం చూసి వదిలారు. గడువు మార్చి ముప్ఫై ఒకటి. ఆ లోపల పిల్ల ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగిందని రుజువు చూపిస్తే పిల్లకి కార్డు ఇస్తారు, పిల్ల పెద్దయ్యేదాకా తల్లినీ ఉండనిస్తారు. చూపించకపోతే ఇద్దరినీ విమానం ఎక్కిస్తారు. ఎక్కి ఆ పిల్ల ఎక్కడికి పోతుంది? సముద్రం ఒడ్డున మా ఊరు ఎల్మీనాను అది ఫోన్లో తప్ప చూడలేదు. సముద్రమంటే దానికి తెలిసింది ఇంచన్‌లో బడివాళ్ళు చూపించిన బురదనీళ్ళే.

బడివాళ్ళు నాలుగేళ్ళకి కాగితం ఇచ్చారు. అంతకు ముందు ఏడేళ్ళకి ఏ ఆధారమూ లేదు.

"రిజిస్టర్ ఉందిగా!" అన్నాడు క్వైనూ పెద్దాయన. ఆయన మా అధ్యక్షుడు. పాత కార్ల సామాన్లు ఓడకెక్కించే వ్యాపారం. మేముండే ఊరు, మా జాతి పేరు కలిపి డోంగ్‌దుచాన్ ఫాంటీ ఐక్య సహాయ సంఘం అని ఇంత పొడుగు పేరు పెట్టి, సీలు చేయించి, ఆ సీలు కోటు జేబులో వేసుకుని తిరుగుతాడు. "మన పిల్లల పుట్టుకలన్నీ మన సెక్రట్రీ రాస్తూనే ఉందిగా పన్నెండేళ్ళ నుంచీ. ఏమ్మా ఒటువా, రాశావా లేదా?"

"రాసే ఉంటాను. చూడాలి" అన్నాను.

"చూడాలా! పేరు పెట్టిన రోజు ఆ పిల్ల నాలుక మీద నీళ్ళేసింది నువ్వు. దానికి పెట్టింది నీ పేరు. చూడాలంట!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

చూడక్కర్లేదు. ఆ పేజీలో ఏం రాశానో నాకు కళ్ళు మూసుకున్నా కనబడుతుంది. సంబరంలో అక్షరాలు గీత దాటిపోయాయి. "ఎసి మన్సాకు ఆడపిల్ల. బుధవారం. రైలు స్టేషను వెనక ఆస్పత్రి, మూడో అంతస్తు. కార్డు నాది."

కార్డు నాది. ఎసికి అప్పుడు కార్డూ లేదు, బీమా లేదు. నొప్పులకి గోడ గీరుతోంది. కొరియా మనిషి భార్యగా వచ్చిన కార్డు నా పర్సులో ఉంది, తీసి ఇచ్చాను. నర్సు కార్డు మీద ఫొటో చూసింది, ఎసిని చూసింది, సరే అంది. అప్పుడు నాకు నలభై ఒకటి, ఎసికి ఇరవై ఆరు. ఈ కొరియావాళ్ళకి మన నల్ల మొహాలన్నీ ఒకటే కదా. ఆ ఒక్కరోజు అది మాకు కలిసొచ్చింది. వార్డులో "ఒటువా గారూ!" అని పిలిచినప్పుడల్లా నేను లేవబోయేదాన్ని, ఎసి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేది.

ఆస్పత్రి కాగితంలో తల్లి పేరు అరబా ఒటువా. ఆ కాగితం తీస్తే పిల్ల ఇక్కడ పుట్టినట్టు తేలుతుంది. నేను మోసం చేసినట్టూ తేలుతుంది.

మార్చి 3

సెలవు. రిజిస్టర్ తీయలేదు. దుప్పట్లు ఉతుక్కున్నాను.

మార్చి 5, బుధవారం

నా ఉత్తరం వచ్చింది. శాశ్వత నివాసం దరఖాస్తుకి ఏప్రిల్ తొమ్మిదిన హాజరు కావాలట.

ఎన్నేళ్ళు చూశాను దీని కోసం! నా మొగుడు సో పోయి పన్నెండేళ్ళు దాటింది. అప్పట్నుంచీ ప్రతి రెండేళ్ళకీ వీసాల ఆఫీసు కిటికీ ముందు నిలబడి, నా మొగుడు నిజంగా చచ్చిపోయాడని, నేను నిజంగా వాడి పెళ్ళాన్నేనని రుజువు చేసుకుంటున్నాను. చచ్చినవాడికి లేని కష్టం నాకు. కార్డు చేతికొస్తే ఇక ఎవరికీ ఏమీ రుజువు చేయక్కర్లేదు. ఇస్త్రీ సెక్షనులో నా మిషను, నా గది, మెట్ల కింద మిరప కుండీలు, అన్నీ నావే.

ఉత్తరం అడుగున చీమలంత అక్షరాల్లో ఉంది. ఎప్పుడైనా తప్పుడు గుర్తింపు వాడినా, ఇతరులను వాడనిచ్చినా దరఖాస్తు తిరస్కరించి ఉన్న అనుమతి కూడా రద్దు చేస్తారట. నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ అదే ఉంది.

బిస్కెట్ల డబ్బా దించి ఆస్పత్రి కాగితం తీశాను. తారీఖు సరిచూసుకోవడానికి.

మార్చి 8, శనివారం

ఎసి వచ్చింది, పిల్లని వెంటబెట్టుకుని. వేయించిన చేపలు, కెంకీ ముద్దలు, నల్ల మిరపకాయ పచ్చడి సీసా. పిల్ల కెంకీ ఒలిచి పక్కన పెట్టేసి చేప మాత్రం తింది. పులిసిన మొక్కజొన్న దానికి పడదు, ఇక్కడి కిమ్చీ పులుపైతే పడుతుందట.

"దీనికి నాలుక కూడా వీసా లేకుండానే మారిపోయిందక్కా" అంది ఎసి.

నవ్వుకున్నాం. కాసేపు అదే మాట్లాడుకున్నాం, చేపల ధర, చలి, ఇస్త్రీ సెక్షను కొత్త మేస్త్రీ. కాగితం ఊసు ఎత్తలేదు. నేనే ఎత్తాను.

"అడగవేమే?"

"ఏంటక్కా?"

"నీకు తెలీదా ఏంటో?"

తల దించుకుంది. "నువ్వు ఇరుక్కోవద్దక్కా. ఆ రోజు నువ్వు కార్డు ఇవ్వకపోతే ఇదీ లేదు, నేనూ లేను. ఒక మనిషిని రెండుసార్లు అడక్కూడదు. ఇంకేదైనా దారుందేమో క్వైనూ పెద్దాయన్ని అడుగుతాను. అదే చూద్దాం."

నాకెంత కోపమొచ్చిందో! అడిగితే కసిరి పంపేదాన్ని కదా. అడగని మనిషిని ఏమని కసరను? వెళ్ళేటప్పుడు పచ్చడి సీసా తిరిగిచ్చేశాను, నా దగ్గర ఉందని. లేదు. ఊరికే ఇచ్చేశాను.

మార్చి 11, మంగళవారం

మధ్యాహ్నం తిండివేళ క్వైనూ పెద్దాయన ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చాడు.

"చూశావా రిజిస్టరు?"

"చూశాను. ఆస్పత్రి అని ఉంది."

"మంచిదేగా! కాగితం తెద్దాం."

నేను అన్నం గిన్నె మూత బిగించాను. ముసలాడు బుర్ర తక్కువవాడేం కాదు. నన్ను చూశాడు, గేటు చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు.

"ఎవరి కార్డు మీద?"

గిన్నె సంచీలో పెట్టాను.

"ఓరి దేవుడా" అన్నాడు మెల్లగా. సీలున్న కోటు జేబు తడుముకుని, "అయితే ఆ పిల్ల ఇంట్లో పుట్టింది" అన్నాడు.

"పెద్దాయనా!"

"ఇంట్లో పుట్టింది. మన ఆడవాళ్ళు పురుడు పోశారు. సంఘం లెటరిస్తుంది, నేను సీలేస్తాను, నువ్వు సాక్షి సంతకం చేస్తావు. విను నా మాట. ఆఫీసుకి ఎవడు పోవాలన్నా నువ్వు. ఆస్పత్రిలో ఎవడికి అర్థం కాకపోయినా నువ్వు. పోలీసు స్టేషన్లో నువ్వు. శవాన్ని పంపాలన్నా నువ్వే. నిన్ను విమానం ఎక్కిస్తే మిగతా డెబ్భైమందికీ నోరెవరు? నేనా? నా కొరియా భాష వింటే కుక్కలు కూడా నవ్వుతాయి."

ఆయన అన్నదాంట్లో తప్పేముంది? నా కోసం కాదు, డెబ్భైమంది కోసం.

రిజిస్టర్ పాతబడింది. అట్ట ఊడుతోంది, తేమకి పేజీలు ఉబ్బాయి. ఎలాగూ కొత్త పుస్తకంలోకి ఎక్కించాల్సిందే.

మార్చి 13

నకలు రాస్తున్నాను. పన్నెండు పేజీలు అయ్యాయి. కాపీ చేసేటప్పుడు ఒక మాట జారిపోవడం ఎవరికైనా జరుగుతుంది.

మార్చి 14

ఇరవై రెండు పేజీలు. వేళ్ళు నొప్పి. ఎంతమంది! పెయింటు ఫ్యాక్టరీలో పోయిన ఎబో. వాడి శవం పెట్టెకి చుట్టడానికి మన ఊరి గుడ్డ దొరక్క నా పెళ్ళి గుడ్డ ఇచ్చాను. కవలల్ని కన్న అడ్జువా. వచ్చినవాళ్ళు, వెళ్ళగొట్టినవాళ్ళు. వీళ్ళందరినీ మళ్ళీ రాస్తుంటే ప్రతివాడూ పేజీలోంచి లేచి నా చెయ్యి చూస్తున్నట్టుంది. ఇంత కాలం ఈ పుస్తకంలో ఒక్క తప్పుడు మాట రాయలేదు.

కాగితం తీసి చూశాను. తారీఖు కోసం.

మార్చి 15

పిల్ల పేజీ రాసేశాను. "ఎసి మన్సాకు ఆడపిల్ల. బుధవారం. ఇంట్లో." కొన్ని మాటలు తగ్గాయి, అంతే.

పాత పుస్తకం చెత్తలో వేద్దామంటే కాగితాల చెత్త గురువారమే తీసుకెళ్తారు. డబ్బాలో పెట్టాను.

మార్చి 16, ఆదివారం

ఎసి విషయానికి ఇరవై ఐదున పది గంటలకి వీసాల ఆఫీసులో హాజరు కావాలని కబురొచ్చింది. సాక్షి దుబాసీగా ఉండకూడదట. అంటే ఎప్పటిలా నేను కొరియా భాషలోకి మార్చి చెప్పడానికి లేదు. మన భాష ఫాంటీ తెలిసిన వాళ్ళు ఆ ఆఫీసులో లేరు, ఎసి ఇంగ్లీషు బజారు వరకే. కూతురు చెప్పవచ్చు అన్నారట. ఇక్కడ తల్లులందరికీ పిల్లలే నోరు కదా.

మీటింగయ్యాక హాల్లో మేం నలుగురం ఉండిపోయాం. క్వైనూ పెద్దాయన టేబులు వెనక కూర్చుని ఆఫీసరు వేషం కట్టాడు.

"పురిటికి నీళ్ళు ఎవరు కాచారు?"

"అక్క" అంది ఎసి. "ఎసి" అన్నాను నేను.

"భేష్! నొప్పులు పడుతున్న మనిషి లేచి స్టవ్ వెలిగించిందన్నమాట. రేపొద్దున ఇద్దరికీ టిక్కెట్లు బుక్ చేస్తా. మళ్ళీ! బొడ్డు ఎవరు కోశారు?"

"నేను."

"దేంతో?"

"కత్తెరతో."

"ఏ కత్తెర?"

"మా ఇస్త్రీ సెక్షనులో దారాలు కత్తిరించేది. కాచిన నీళ్ళలో వేసి, ఆరబెట్టి కోశాను. పిల్ల ముందు ఏడవలేదు. కాళ్ళు పట్టి వీపు మీద చరిచాను. అప్పుడు ఏడ్చింది. నా రవిక మీదే ఒంటికి పోసుకుంది. పొద్దున్నే కదా, కిటికీలోంచి కాస్త ఎండ..."

ఆగాను. ముగ్గురూ నోరు తెరిచి చూస్తున్నారు.

"అబ్బో! ఇంత బాగా చెప్తే నేనే నమ్మేశాను" అన్నాడు పెద్దాయన.

నాకు ఒళ్ళు వేడెక్కింది. ఎందుకో చెప్పలేను. ఆ అబద్ధంలో నేను చాలా బాగున్నాను.

పిల్ల మాత్రం లెక్కల పుస్తకం మూసి, పెన్సిలు కొరుకుతూ ఒక్కొక్కరి మొహమే చూస్తూ కూర్చుంది.

మార్చి 19, బుధవారం

ఎసికి జ్వరమంటే పిల్లని బడి నుంచి నేను తీసుకొచ్చాను. బస్సు రైలు స్టేషను వెనకగా వెళ్తుంటే కిటికీకి వేలు ఆనించింది. ఎసికి నేను అక్కనైనా దానికి అమ్మమ్మనే.

"అమ్మమ్మా, మూడో అంతస్తు. ఎడమ నుంచి రెండో కిటికీ."

"ఏంటది?"

"నేను. అమ్మ ఈ బస్సెక్కినప్పుడల్లా చూపిస్తుంది."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల! ఈ బస్సు ఎందుకెక్కాను నేను?

"మరి మొన్న మీరందరూ ఇంట్లో అన్నారేంటి?"

"పెద్దవాళ్ళ విషయాలు నీకెందుకు."

"నేనే కదా చెప్పాలి. కొరియా భాషలో. నా నోటితో."

"మీ అమ్మ ఏమంటే అది మార్చి చెప్పడమే నీ పని. అబద్ధమైతే అది నీది కాదు, అన్నవాళ్ళది."

ఎంత చక్కగా చెప్పాను! పన్నెండేళ్ళు దుబాసీ పని చేసి నేర్చుకున్న తెలివి ఇది.

కిటికీ అద్దం మీద వేలితో గీతలు గీసింది. తర్వాత, "ఆ నీళ్ళ కథ చెప్పు" అంది.

వెయ్యిసార్లు విన్నదే. అయినా చెప్పాను. ఎనిమిదో రోజు పొద్దున పిల్లని మొదటిసారి బయటి వెలుగులోకి తెచ్చారు. మంచి నడతగల మనిషి చేతిలో పెట్టాలి, ఆ మనిషి గుణమే బిడ్డకి వస్తుందని నమ్మకం. ఎసి నా చేతిలో పెట్టింది. రెండు చిన్న గిన్నెలు. ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో మన ఊళ్ళో అయితే జిన్ను, ఇక్కడైతే వీళ్ళ సారా, సోజూ. రెండూ తెల్లగానే ఉంటాయి, కంటికి తేడా తెలీదు. నీళ్ళలో వేలు ముంచి నాలుక మీద మూడుసార్లు వేశాను, నీళ్ళంటే నీళ్ళనే చెప్పు అని. సోజూలో ముంచి మూడుసార్లు వేశాను, సోజూ అంటే సోజూ అనే చెప్పు అని.

"సోజూకి ఏం చేశాను?"

"మూతి ముడిచి నా మీద తుమ్మావు."

"అంటే నాకు తెలిసిందన్నమాట, తేడా."

స్టాపు వచ్చింది. దిగాం. నా చెయ్యి పట్టుకోలేదు.

మార్చి 20, గురువారం

కాగితాల చెత్త బండి వచ్చి వెళ్ళింది. పాత రిజిస్టర్ వేయడం మర్చిపోయాను.

మార్చి 22

మళ్ళీ కాగితం తీశాను. తారీఖు నాకు కంఠతా వచ్చు. ఎందుకు తీశానో.

మార్చి 25, మంగళవారం

వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

పదింటికి రమ్మంటే తొమ్మిదింటికే వెళ్ళాం. క్వైనూ పెద్దాయన కొత్త టై కట్టాడు. ఎసి మొహంలో నెత్తురుచుక్క లేదు. పిల్ల బడి జాకెట్టు వేసుకుంది. నేను చేతిసంచీలో కొత్త రిజిస్టర్ పెట్టుకున్నాను. దాని అడుగున పాతదీ, ఆస్పత్రి కాగితమూ కూడా ఉన్నాయి. ఇంట్లో పెడితే ఎవరైనా చూస్తారని. ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను.

ఆఫీసరు పేరు నామ్. నలభై ఉంటాయేమో. కళ్ళజోడు తలమీదికి తోసుకుని, నవ్వకుండా, కసరకుండా మాట్లాడే మనిషి. అలాంటివాళ్ళంటేనే నాకు భయం. లెటరు చదివింది. సీలు చూసింది. రిజిస్టరు తిప్పింది. పదో పేజీ, ఇరవయ్యో పేజీ, మళ్ళీ మొదటి పేజీ.

"ఇది ఎన్నేళ్ళ నుంచి రాస్తున్నారు?"

"పన్నెండేళ్ళు" అన్నాను.

"పన్నెండేళ్ళూ ఒకే పెన్నుతోనా?"

నీలం జెల్ పెన్ను. మూలమీద కొట్లో రెండువారాల క్రితం కొన్నది. మొదటి పేజీ నుంచీ చివరి దాకా అదే నీలం, అదే వాలు, ఒక్క మరక లేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అన్నారా?

"నకలండీ. పాతది చిరిగిపోయింది."

"ఓహో" అని పక్కన పెట్టింది. తర్వాత పిల్ల వైపు తిరిగి, గొంతు కొంచెం తగ్గించి, "అమ్మని అడుగు, నువ్వెక్కడ పుట్టావో" అంది.

పిల్ల అడిగింది. ఎసి టేబులు అంచు పట్టుకుంది. నేర్చుకున్నట్టే చెప్పింది, "ఇంట్లో పుట్టింది. మా సంఘం ఆడవాళ్ళు ఉన్నారు. ఒటువా అక్క బొడ్డు కోసింది" అని.

ఇప్పుడు పిల్ల దాన్ని కొరియా భాషలో చెప్పాలి.

చెప్పలేదు. క్వైనూ పెద్దాయన దగ్గాడు. "చెప్పమ్మా" అన్నాడు ఫాంటీలో, తేనె కారుస్తూ. పిల్ల ఆయన్ని చూడలేదు, తల్లిని చూడలేదు. నా వైపు తిరిగింది.

"అమ్మమ్మా, నీళ్ళా, సోజూనా?"

ఆఫీసరుకి ఫాంటీ రాదు. గదిలో మిగతా అందరికీ వచ్చు.

ఏప్రిల్ తొమ్మిది గుర్తొచ్చింది. మెట్ల కింద మిరప కుండీలు గుర్తొచ్చాయి. డెబ్భైమంది గుర్తు రాలేదు, నిజం చెప్తున్నాను, ఒక్కడు కూడా గుర్తు రాలేదు. "సోజూ" అంటే చాలు, పిల్ల తల దించుకుని ఇంట్లో అని చెప్పేసేది. నేను చెప్పింది చేసే పిల్లే అది. పదకొండేళ్ళ క్రితం దాని నాలుక మీద ఆ మాట వేసింది నా వేలే, ఇప్పుడు ఆ మాట నేనే వెనక్కి తీసుకున్నా ఒప్పుకునేది.

"నీళ్ళే" అన్నాను.

"ఒటువా!" అన్నాడు పెద్దాయన.

"నీళ్ళే. చెప్పు."

పిల్ల ఊపిరి వదిలి ఆఫీసరు వైపు తిరిగింది. "స్టేషను వెనక ఆస్పత్రిలో పుట్టానండీ. మూడో అంతస్తు. ఎడమ నుంచి రెండో కిటికీ."

ఎసి రెండు చేతులతో మొహం కప్పుకుంది. నేను సంచీలోంచి కాగితం తీసి టేబులు మీద పెట్టాను. పెట్టాను కానీ వేళ్ళు తీయలేకపోయాను. ఆఫీసరు రెండుసార్లు లాగాల్సి వచ్చింది.

చదివింది. ఎసిని చూసింది, నన్ను చూసింది. వాళ్ళలో మా ఇద్దరి మొహాలూ వేరువేరుగా చూసిన మొదటి మనిషి ఈవిడేనేమో.

"ఇందులో తల్లి మీరు."

"కాదండీ. కార్డు నాది. బిడ్డ ఆవిడది."

"ఏం ఒప్పుకుంటున్నారో మీకు తెలుసా?"

"మీ ఉత్తరంలో చివర చిన్న అక్షరాల్లో రాశారు కదండీ. చదువుకున్నాను."

"బిడ్డ ఆవిడదేనని ఎలా నమ్మాలి? ఇంతకు ముందే ఒక తప్పుడు పుస్తకం చూపించారు నాకు."

అప్పుడు పాత రిజిస్టర్ తీశాను. అట్ట ఊడి ఆవిడ ఒళ్ళో పడింది. ఆ పేజీ వెతకక్కర్లేకుండా తెరుచుకుంది, అన్నిసార్లు అక్కడే తెరిచాను మరి. నల్ల సిరా వెలిసి గోధుమరంగుకి వచ్చింది. పిల్ల వంగి చదివి ఒక్కొక్క మాటే మార్చి చెప్పింది. "ఎసి మన్సాకు ఆడపిల్ల. బుధవారం. రైలు స్టేషను వెనక ఆస్పత్రి, మూడో అంతస్తు. కార్డు నాది."

నామ్ ఆఫీసరు సంఘం లెటరు తీసి మధ్యకి చింపి చెత్తబుట్టలో వేసింది. "ఇది నేను చూడలేదు. మీరూ రాయలేదు" అంది పెద్దాయనతో. పాత పుస్తకం మాత్రం ఉంచుకుంది. ఎసికీ పిల్లకీ దూదిపుల్లతో చెంపల లోపల తుడిచి పరీక్షకి పంపుతారట. అది వచ్చేదాకా గడువు ఆపారు.

నన్ను పక్కగదిలో కూర్చోబెట్టి రెండుగంటలు రాయించారు. ఏప్రిల్ తొమ్మిది రద్దు.

మార్చి 26

నిద్రపోయాను. ఎన్నాళ్ళకో.

మార్చి 30, ఆదివారం

మీటింగులో నన్ను సెక్రటరీ పదవి నుంచి తీసేశారు. నేనే లేచి వెళ్ళిపోదామనుకున్నాను కానీ పెద్దాయన మాట్లాడాక వెళ్దామని కూర్చున్నాను.

"ఒక్క పిల్ల గొంతులో నీళ్ళు పోయడానికి మా అందరి కుండా పగలగొట్టావు" అన్నాడు. "రేపు ఇంకో పిల్లకి లెటరిస్తే ఎవడు నమ్ముతాడు?"

"నిజమైంది ఇస్తే నమ్ముతారు."

"నీకేం, పెద్ద మాటలు చెప్తావు. నిన్ను పంపించేస్తే?"

"పంపించేస్తే మీ కొరియా భాషతో కుక్కల్ని నవ్వించుకోండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. బయటికొచ్చి చెప్పులేసుకుంటుంటే వెనకే వచ్చి, నా మొహం చూడకుండా, "ఆ రెండుగంటలూ ఏమైనా పెట్టారా తినడానికి?" అని అడిగాడు. లేదన్నాను. తల ఊపి లోపలికి పోయాడు.

ఏప్రిల్ 9, బుధవారం

నా దరఖాస్తుకి హాజరు కావాల్సింది ఈ రోజే. పనికి వెళ్ళాను. ఆరువందల చొక్కాలు ఇస్త్రీ చేశాను.

నిజం ఒకటి రాయలేదు ఇన్నాళ్ళూ, ఇక్కడ కూడా. కార్డు పోతుందని భయపడ్డానని రాశాను. భయపడ్డాను. డెబ్భైమంది కోసమని రాశాను. అది పెద్దాయన మాట. అసలు సంగతి వేరు. నాకు పిల్లలు లేరు. మా ఇద్దరికీ పుట్టలేదు. సో తల్లి నన్ను మూలికల కషాయాలతో ముంచింది, మా అమ్మ ఎల్మీనాలో ఉపవాసాలుంది. మా వాళ్ళలో గొడ్రాలిని ఏమంటారో రాయను. భూమ్మీద ఒక్కచోట, ఒకే ఒక్క కాగితం మీద, నేను ఒక బిడ్డని కన్నానని ముద్రవేసి ఉంది. బరువు మూడు కిలోల ఇరవై గ్రాములు. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం.

తల్లి అంటే నేను. పదకొండేళ్ళు దాన్ని తీసి చదువుకున్నాను. తారీఖు కోసమని చెప్పుకున్నాను.

అందుకే ఆ కాగితం అన్నాళ్ళూ ఇవ్వలేకపోయాను. ఎసి అడగలేదని కోపమొచ్చిందే, అది కూడా ఇందుకే. పిల్లని దానికిచ్చేసి నేను కాగితం ఉంచుకున్నాను, అదీ సరిపోలేదు నాకు.

ఏప్రిల్ 17

పరీక్ష ఫలితం వచ్చింది. ఎసియే తల్లి. ఇందులో ఆశ్చర్యపోవడానికేముంది? ఏడ్చాను.

ఏప్రిల్ 24, గురువారం

పిల్లకి కార్డు వచ్చింది. బడి జాకెట్టు వేసుకున్న ఫొటోలో మూతి ముడుచుకుని ఉంది, అచ్చం సోజూ వేసినప్పటిలా. ఎసి ఆ కార్డుని ముద్దుపెట్టుకుంటే "అమ్మా, గీతలు పడతాయి" అని కసిరింది.

నా సంగతి మే పన్నెండున తేలుస్తారట. ఏమైనా కావచ్చని నామ్ ఆఫీసరు చెప్పింది. నవ్వకుండా, కసరకుండా.

ఇంకో పని మిగిలింది. ఆస్పత్రిలో నా పేరు కొట్టేసి ఎసి పేరు ఎక్కించాలి. దానికి నేను స్వయంగా వెళ్ళి రాసివ్వాలి. ముగ్గురం వెళ్ళాం, ఆ బస్సులోనే. మూడో అంతస్తులో ఇప్పుడు పళ్ళ డాక్టరు ఉన్నాడు. కాగితాల గది కింద.

గుమాస్తా చిన్నపిల్ల. ఫారం నా ముందు తోసింది. "పై వ్యక్తి నా బిడ్డ కాదని ధ్రువీకరిస్తున్నాను" అని నా చేతిరాతతో రాసి సంతకం పెట్టాలట. రాశాను. ఒక్కో అక్షరం ఇస్త్రీపెట్టె కంటే బరువుగా ఉంది. ఎసి గోడవైపు తిరిగి నిలబడింది.

కింద ఇంకో గడి ఉంది. సంబంధం. "ఏమీ లేదు" అని రాశాను.

పక్కనుంచి పిల్ల తొంగిచూసింది. నా చేతిలోంచి పెన్ను లాక్కుంది.

"సోజూ ఇది" అంది. దాన్ని అడ్డంగా కొట్టేసి, గడి దాటిపోయేంత పెద్దగా "అమ్మమ్మ" అని రాసింది.

"అయ్యో, కొట్టివేతలు ఉండకూడదమ్మా! మొత్తం మళ్ళీ రాయాలి" అంది గుమాస్తా, ఇంకో ఫారం తీస్తూ.

మళ్ళీ రాశాను. నా బిడ్డ కాదు. సంతకం. సంబంధం, అమ్మమ్మ. ఈసారి గీత దాటలేదు.

ఆ ఫారం నకలు ఒకటి కావాలని అడిగాను. మీకెందుకు, అసలుది ఇక్కడే ఉంటుందిగా అంది గుమాస్తా.

తారీఖు కోసం అన్నాను.